ఎంతవరకు తెలుసు

రాజమండ్రి,
ఫిబ్రవరి 10

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకండి. ఫోన్‌లో మీరు "అన్నం తిన్నావా" అని మొదలుపెట్టి, అన్నయ్య చెరువుల మీదకి మాట మళ్ళించి, నేను అసలు సంగతికి వచ్చేసరికి "బెల్లు కొట్టారమ్మా, ఉంటాను" అని పెట్టేస్తారు. మీ బళ్ళో ఇంటర్న్‌షిప్ చేసిన మా ట్రైనీ రెబెక్కా రిలీవింగ్ కాగితం కోసం రేపు వస్తోంది. తన చేతికిస్తే నేరుగా మీకే అందుతుంది. తీరిగ్గా చదవండి.

బీఈడీ ఫైనల్ లెసన్ మార్కులు వచ్చాయి. కాలేజీ మొత్తంలో రెబెక్కాదే మొదటి స్థానం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తన రిపోర్టులో మీ ఎనిమిదో తరగతి గురించి ఒక పేరా రాశారు. "తెలియదని ధైర్యంగా చెప్పి, తెలిసినంతవరకు చెప్పగలిగిన పిల్లలను ఇంతకుముందు చూడలేదు" అని ఉంది అందులో. మా ప్రిన్సిపాల్ గణేష్‌బాబు గారు స్టాఫ్ మీటింగులో అది పైకి చదివారు. పోయినేడాది ఇదే మీటింగులో ఆయన నన్నేమన్నారో మీకు చెప్పాను. "హైమ గారూ, మీ ప్రయోగం వల్ల మన పిల్లల మార్కులు పడిపోతున్నాయండి. ఈ ఒక్క ఏడాదీ చూస్తాను. అప్పటికీ మార్కులు రాకపోతే మానేస్తానని రాసివ్వండి" అన్నారు. నేను రాసిచ్చాను. ఆ కాగితం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

నాలుగేళ్ళయింది ఇది మొదలుపెట్టి. ట్రైనీ ప్రశ్న అడుగుతాడు, ఒక పిల్లకి రాదు, వెంటనే "నువ్వు చెప్పు" అని పక్క పిల్ల మీదికి వెళ్ళిపోతాడు. రాని పిల్ల అలా నిలబడే ఉంటుంది. పాఠం ఆ పిల్లని దాటి వెళ్ళిపోతుంది. దాటి వెళ్ళొద్దని మా ట్రైనీలకి చెప్పాను. తెలియదని చెప్పనివ్వండి, చెప్పాక "ఎంతవరకు తెలుసు?" అని అడగండి, అక్కడి నుంచి పాఠం ఎత్తుకోండి. నా పరిశోధన అంతా ఇదే. వినడానికి ఇంతే. చెయ్యడానికి మా ట్రైనీలకి ఏడాది పడుతుంది. "అలా ఆగుతూ కూర్చుంటే సిలబస్ అవదు మేడమ్" అంటారు. ఎగ్జామినర్లకి చురుగ్గా సాగే పాఠం కావాలి. అందుకే ఇన్నాళ్ళూ మార్కులు రాలేదు.

యూనివర్సిటీ ఏటా అధ్యాపకుల పరిశోధన, బోధన విజయాల మీద ఒక పుస్తకం వేస్తుంది. అందులో నా పేరు కింద ఎప్పుడూ ఒకటీ అరా వాక్యం ఉండేది. ఈసారి అచ్చుకి వెళ్ళబోయే ప్రతిలో ఒక పేజీ మొత్తం ఇచ్చారు. "మా అందరి పేజీలూ మీరొక్కరే మింగేశారండి" అని స్టాఫ్ రూములో ఏడిపిస్తున్నారు. వచ్చే నెల కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వస్తోంది. వాళ్ళకి మీ బళ్ళో తీసిన పాఠం వీడియో చూపిస్తారట. అది వాళ్ళకి నచ్చితే రెండు జిల్లాల్లోనూ ఇంటర్న్‌షిప్ బళ్ళన్నిటికీ నా పద్ధతి పంపిస్తామని డీన్ గారు అన్నారు. వీడియోని శిక్షణ పాఠంగా వాడతారు. నా అసోసియేట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ కూడా ఆ తర్వాతే.

మీరు ఒప్పుకోకపోతే నాకు బడే దొరికేది కాదు. "మా పిల్లలతో ప్రయోగాలేంటమ్మా" అని విసుక్కుంటూనే గది ఇచ్చారు. అది మర్చిపోను.

మీ
హైమ


రాజమండ్రి,
ఫిబ్రవరి 19

వదినా,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. దీన్ని రెబెక్కా చేతికివ్వడం న్యాయం కాదు.

నాక్ వాళ్ళ కోసం వీడియోని కుదించి ఇమ్మన్నారు. పరీక్ష రోజున నేను ఆ గదిలో లేను కదా, ట్రైనీకి నేర్పిన మెథడ్ లెక్చరర్లని లోపలికి రానివ్వరు. కాబట్టి పాఠం మొత్తం చూడడం నాకూ ఇదే మొదటిసారి. కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను.

విలోమానుపాతం పాఠం. ఎనిమిది మంది మూడు రోజుల్లో ఒక చేను నాట్లు వేస్తే, పన్నెండు మంది ఎన్ని రోజుల్లో వేస్తారు. రెబెక్కా "పన్నెండు మంది" అనే మాట దాకా రాకముందే అశ్విని లేచి నిలబడి "తెలియదండి" అంది. ప్రశ్న ఇంకా సగమే అయింది. "ఎంతవరకు తెలుసు?" అని రెబెక్కా అడిగింది. "మనుషుల సంఖ్య పెరిగితే రోజుల సంఖ్య తగ్గుతుంది, కనుక ఇది విలోమానుపాతం" అని అశ్విని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి కూర్చుంది. తర్వాత వెనక బెంచీ అబ్బాయి లేచాడు. వాడూ అంతే. ఎవరి తర్వాత ఎవరు లేవాలో వాళ్ళకి ముందే తెలుసు.

ఒకచోట రెబెక్కా అంకె మార్చింది. పన్నెండు మంది కాదు, ఆరుగురే వచ్చారనుకోండి, అప్పుడెన్ని రోజులు అని అడిగింది. క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో "రెండు రోజులు" అంది. మనుషులు తగ్గినా అదే రెండు రోజులు. ఎగ్జామినర్ గారు తలొంచుకుని ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నారు. ఆయన విననే లేదు. రెబెక్కా బోర్డు వైపు తిరిగింది.

నిన్న రెబెక్కాని పిలిచి అడిగాను. దాచలేదు. "మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది మేడమ్. నిజమో కాదో చూద్దామని అంకె మార్చాను. తెలిశాక పాఠం ఆపేసుంటే సరిపోయేది. ఆపితే మార్కులు పోతాయి. ఆపలేదు" అంది. పిల్లలకి ఎవరు నేర్పారని అడిగాను. మీ పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. లెసన్ ప్లాన్ ముందురోజు హెచ్చెమ్‌గా మీ సంతకానికే వస్తుంది. మీ బళ్ళో మీకు తెలియకుండా పిల్లలకి ఎవరూ ఏదీ నేర్పరు.

జవాబులు నేర్పే బళ్ళు చూశాను వదినా. ఏ బళ్ళోనైనా ఇన్‌స్పెక్షన్ అంటే అదే. తెలియదనడం కూడా నేర్పించిన బడి ఇదే చూడడం. ఎవరు తెలియదనాలో, ఎంతవరకు తెలుసనాలో అది కూడా మీరే పంచిపెట్టారు. నాలుగేళ్ళు నేను దేని కోసం తిరిగానో సరిగ్గా అదే తీసుకుని పద్యంలా వల్లె వేయించారు. ఇప్పుడు ఆ పద్యాన్నే రెండు జిల్లాల్లో చూపించబోతున్నారు.

మీకెప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. చెప్పకుండానే ఉండిపోదామనుకున్నాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా లెక్కల టీచర్ మీరే. ఇంట్లో వదిన, బళ్ళో టీచర్. డిప్యూటీ డీఈఓ గారు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన రోజు ప్రేయర్ అవగానే మీరు నన్ను పక్కకి పిలిచి, "హైమమ్మా, నువ్వు వెళ్ళి మొక్కలకి నీళ్ళు పొయ్యమ్మా" అన్నారు. నాతో పాటు ఇంకొందరిని పంపారు. లెక్కలు రానివాళ్ళమంతా వెళ్ళాం. బకెట్ పట్టుకుని గోడవారన నిలబడితే కిటికీలోంచి మీ క్లాసు వినపడింది. ఎంత బాగా సాగిందో. మీరు అడగడం, వాళ్ళు చెప్పడం, డిప్యూటీ గారు "వెరీ గుడ్" అనడం. నాకు ఆ లెక్కలో మొదటి రెండు మెట్లు తెలుసు. మూడో మెట్టు దగ్గరే ఆగిపోయేదాన్ని. రెండు మెట్లు తెలిసినవాళ్ళు కూర్చోవడానికి ఆ గదిలో చోటు లేదని ఆ రోజు అర్థమైంది. సాయంత్రం ఇంటికొచ్చాక మీరు నా జడ వేశారు. ఆ సంగతి మీరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను ఎడ్యుకేషన్ చదవడానికి కారణం అది. ఇప్పుడు చెబుతున్నది మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఈ వీడియో నాకు ఎందుకు ఇంత పెద్ద విషయమో మీకు తెలియాలని.

ఏం చేశారో, ఎందుకు చేశారో మీరే రాయండి. నేను ఊహించుకోదలుచుకోలేదు.

హైమ


ఫిబ్రవరి 23

హైమమ్మా,

నీ ఉత్తరం ఆఫీసు రూములో చదివాను. చదివాక ఏడో తరగతికి పాఠం చెప్పడానికి వెళ్ళాను. ఏం చెప్పానో నాకు తెలియదు.

అవును, నేనే నేర్పాను. నువ్వు రాసింది రాసినట్టు నిజం. ఎందుకు చేశానో కూడా విను.

రెబెక్కా ప్లాను సంతకానికి పెట్టిన రోజు చివరి పీరియడ్ నేనే ఎనిమిదికి వెళ్ళాను. నేర్పడానికి కాదు. నీ పద్ధతి ఎలా ఉంటుందో నేనే ఒకసారి అడిగి చూద్దామని. ప్రశ్న వేశాను. తెలియనివాళ్ళు తెలియదని చెప్పండర్రా, ఏమీ అనను అన్నాను. ఒక్కళ్ళు నోరు విప్పితే ఒట్టు. అందరూ గోడ మీద బొమ్మల్లా కూర్చున్నారు. పొద్దున్నే ఎగ్జామినర్ వస్తున్నాడు. నువ్వు కాగితం రాసిచ్చావని నాకు తెలుసు. ఈ ఏడాది మార్కులు రాకపోతే నాలుగేళ్ళ నీ కష్టం చెత్తబుట్టలోకి పోతుందనీ తెలుసు. నేనేం చెయ్యను? గంట ఉంది. ఆ గంటలో నాకు తెలిసిన పని చేశాను. ఇంటికి పెళ్ళివారు వస్తుంటే వాకిలి ఊడ్చమా? ఊడ్చినవాళ్ళని మోసగాళ్ళంటామా?

నువ్వు మోసం అన్న మాట రాయలేదు. అయినా నాకు అదే వినపడింది.

నీళ్ళు పొయ్యమన్న రోజు గురించి రాశావు. గుర్తు తెచ్చుకుందామని రెండు రోజులు చూశాను. రాలేదు. నిన్ను సమాధానపరచడానికి గుర్తుందని చెప్పను. ప్రతి ఇన్‌స్పెక్షన్‌కీ కొందరిని అలా బయటికి పంపేదాన్ని. అందరు టీచర్లూ పంపేవాళ్ళు. ఆ కొందరిలో నువ్వు ఉన్నావన్నది నేను గుర్తుపెట్టుకోలేదు. నీ జడ వెయ్యడం మాత్రం గుర్తుంది. రోజూ వేసేదాన్ని కాబట్టి.

ఇప్పుడు నా మాట విను. ఇది ఎవరికీ చెప్పకు. నాకు డిసెంబర్‌లో రిటైర్‌మెంట్. అది పక్కన పెట్టు. రెబెక్కా వాళ్ళ అమ్మ దేవకుమారి మన బళ్ళోనే మధ్యాహ్నం భోజనం వండుతుంది. కూతురు ఫస్టు వచ్చిందని పిల్లలందరికీ ఆ రోజు సేమ్యా వండి పెట్టింది. ఆ మార్కులు వెనక్కి పోతే నేను వంటగది వైపు ఎలా వెళ్ళను? వీడియోలో ఆ అంకె మార్చిన ముక్క కత్తిరించెయ్. మిగతాది బాగానే ఉంది కదా. ఆ తర్వాత రెండు జిల్లాల్లోనూ నీ ఇష్టం వచ్చినట్టు నిజంగా నేర్పుకో. మొదలు ఎలా అయితేనేం?

మీ అన్నయ్యకి ఏమీ చెప్పలేదు. "ఆడపడుచు ఉత్తరాలు రాసేస్తోంది, ఆస్తి పంపకాలా ఏంటి" అని నవ్వుతున్నారు.

నాగవల్లి


రాజమండ్రి,
మార్చి 1

వదినా,

మీరు నిజం రాశారు. అందుకు సంతోషం. నేనూ జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక నా మీద కోపం వస్తుంది. రానివ్వండి.

ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. వీడియో వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన తలుపు వేసి, "డెమో లెసన్ అంటే ఎక్కడైనా ముందు చూసుకునేదే కదండి హైమ గారూ. ఇందులో కొత్తేముంది?" అన్నారు.

"డెమో అని రాస్తే బాధ లేదండి. మనం ఫలితం అని రాశాం."

"రాసింది నేను కాదండి, మీరే."

"అందుకే తీసేది కూడా నేనేనండి."

ఆయన చెడ్డ మనిషి కాదు. నాక్ గ్రేడు పోతుందని భయం. "పిల్లలకి ఎవరు నేర్పారు?" అని అడిగారు. మీ పేరు చెప్పాను. బడి వాళ్ళెవరో అని తప్పించుకోవచ్చు. అలా అంటే రెబెక్కా మీద పడుతుంది. ఆ అమ్మాయి చెయ్యనిది ఆ అమ్మాయి మొయ్యకూడదు. మీరు నాకు వదిన అని కూడా చెప్పాను. అది దాచి ఉంటే రేపు ఇంకో అబద్ధం అయ్యేది.

కత్తిరించమన్నారు. ఆ ముక్క కత్తిరించగలను. మిగతాది కత్తిరించలేను. రెండు జిల్లాల్లో వందల మంది ట్రైనీలు ఆ పాఠం చూసి, పద్ధతి అంటే ఇలా ఉండాలనుకుంటారు. పిల్లలు అలా గడగడా "తెలియదండి" అనకపోతే తమ తప్పనుకుని, వాళ్ళూ ముందురోజు నేర్పిస్తారు. ఇక అది ఆగదు. మొదలు ఎలా అయితేనేం అన్నారు. బోధనలో మొదలే అంతా వదినా. అంతకన్నా నాకు తెలిసింది లేదు.

రెబెక్కా తనంతట తానే మళ్ళీ పాఠం చెబుతానని అర్జీ పెట్టుకుంది. నేను పెట్టమనలేదు. వాళ్ళ అమ్మకి ముందే చెప్పిందట.

డీన్ గారు విని, సరే, అదే బడి, అదే తరగతి, అదే పాఠం అన్నారు. మార్చి పన్నెండున బయటి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ గారు డీన్ గారితో కలిసి వస్తారు. ఆవిడ చూసి చెప్పినదాన్ని బట్టి నా పేజీ ఉంచడమో తీసెయ్యడమో చేస్తారు. ఆ రోజు నేను రాకూడదు. నా ఇంటర్వ్యూ అప్పటివరకు ఆపారు.

ఈసారి ప్లాను మీ సంతకానికి రాదు. అయినా పిల్లలకి ఏదైనా చెప్పదలుచుకుంటే మీరు చెప్పగలరు. మీ బడి అది. మిమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. నేను అడిగేది ఒకటే. చెప్పకండి. పాఠం పాడైతే పాడవనివ్వండి. పిల్లలు నోరు విప్పకపోతే ఆ ప్రొఫెసర్ గారు విప్పలేదనే రాసుకుని వెళ్ళనివ్వండి. నా పేజీ పోతే పోతుంది. నేను ఆ కాగితం రాసిచ్చాను కానీ, మానేది లేదు. కాలేజీలో కాకపోతే ఆదివారాలు ఎక్కడో ఒకచోట చేస్తాను.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. మీరు అడిగితే ఒక్కళ్ళూ నోరు విప్పలేదన్నారు. నేను వెళ్ళినప్పుడు విప్పుతారు. రెబెక్కా ఒక్కతే ఉన్నప్పుడు విప్పుతారు. నాలుగేళ్ళలో మీరున్న గదిలో ఆ పాఠం ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ చూడలేదు. నా పేపరులో దాని గురించి ఒక ముక్క కూడా లేదు. ఉండాల్సింది.

హైమ


మార్చి 12

హైమమ్మా,

వాళ్ళు మధ్యాహ్నం కారెక్కి వెళ్ళారు. బడి విడిచిపెట్టేశాం. ఫోన్ చేసి చెప్పమని మీ అన్నయ్య అంటున్నారు. ఫోన్‌లో అయితే బాగున్నవే చెప్పి ఊరుకుంటాను. అందుకని రాస్తున్నాను.

నా పేరు చెప్పావని చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఇంకా పూర్తిగా చల్లారలేదు. డీఈఓ ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. చేశానని రాసి పంపించాను. వాళ్ళు ఏం చేస్తారో చూడాలి. మీ అన్నయ్యకి కూడా చెప్పేశాను. "ఇద్దరికీ బుర్రలేదు" అన్నారు. అంతే.

పిల్లలకి నేను ఏమీ చెప్పలేదు. అది తేలికనుకోకు. ప్రేయర్ అవగానే అశ్విని నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఇయ్యాళ నేను తెలుసనాలాండి, తెలీదనాలాండి?" అని అడిగింది.

"నీ ఇష్టమే" అన్నాను.

ఆ పిల్ల నా మొహం వంక కాసేపు చూసి, "ఇష్టం అంటే ఏదండి?" అంది.

క్లాసుకి పొమ్మన్నాను.

ప్రొఫెసర్ గారు, డీన్ గారు వెనక బెంచీలో కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే తలుపు పక్కన కుర్చీ వేసుకున్నాను. ఎవరొచ్చినా నా కుర్చీ అక్కడే. రెబెక్కా లెక్క వేసింది. ఎనిమిది మందికి మూడు రోజులైతే ఆరుగురికి ఎన్ని రోజులు? ఎవరూ మాట్లాడలేదు. తెలియకపోతే తెలియదని చెప్పమంది. అప్పుడూ లేదు. ఆ ప్రొఫెసర్ గారు ఏదో రాసుకోవడం కనబడుతోంది. ఒక్కసారి అశ్విని వైపు తల ఊపితే చాలు, లేచి అప్పజెప్పేస్తుంది. ఊపలేదు.

అప్పుడు చూశాను. పిల్లలు బోర్డు వైపు చూడట్లేదు. రెబెక్కా వైపు చూడట్లేదు. నన్ను చూస్తున్నారు. అందరూ. నేను నేల చూపులు చూశాను. అయినా నా నుదురే చూస్తున్నారు. ఇన్నేళ్ళలో నేను కనుబొమ్మ ఎత్తితే జవాబు మార్చుకుంటారు, పెదవి బిగిస్తే కూర్చుంటారు. నేను అలా చేస్తానని నాకు తెలియదు. వాళ్ళకి తెలుసు. వాళ్ళు నేర్చుకున్నది లెక్కలు కాదు, నా మొహం.

లేచి బయటికి వచ్చేశాను. డీన్ గారు ఏమనుకున్నారో. పరీక్ష జరుగుతుంటే నేను గది దాటడం ఇదే మొదలు. వరండాలో గోడవారన, కిటికీలోంచి కూడా కనపడని చోట నిలబడ్డాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక గొంతు, "తెలీదండి" అంది.

"ఎంతవరకు తెలుసు?" అని రెబెక్కా అడిగింది.

"ఆరుగురైతే ఆలస్యం అవుద్దండి. ఎంతాలస్యమో తెలీదండి."

ఇంకెవరో అందుకున్నారు. "మొన్న మా అమ్మావోళ్ళు ఆరుగురే ఎల్లారండి. మూడ్రోజుల్లో తెమల్లేదండి."

"మీ అమ్మ సెల్లు చూసుకుంటా నాటుద్ది, ఎలా తెమలుద్ది?"

అందరూ గొల్లుమన్నారు. నేనైతే ఆ నవ్వుకి బెత్తం తీసేదాన్ని. రెబెక్కా నవ్వనిచ్చింది. నవ్వాక, "సరే, ఒక్కళ్ళే నాటితే?" అని అడిగింది.

"ఒక్కత్తేనా! నడుం ఇరిగిపోద్దండి!"

"ఇరిగినా ఎన్ని రోజులు?"

ఇక గోల. ఎనిమిది మూళ్ళు అని ఒకళ్ళు, కూడాలి అని ఇంకొకళ్ళు, కూడితే ఎలారా అని మరొకళ్ళు. ఇరవై నాలుగు దగ్గరికి ఎలాగో చేరారు. దాన్ని ఆరుగురికి పంచడం మొదలయ్యేసరికి బెల్లు కొట్టేశారు. జవాబు బోర్డు మీదకి ఎక్కలేదు. సూత్రం రాయలేదు. ఇంటిపని ఇవ్వలేదు. నా లెక్కలో ఇది ఫెయిలైన పాఠం. కానీ గంట కొట్టాక కూడా వాళ్ళు బెంచీల మీద ఒంగి లెక్క చేస్తున్నారు. నేను లోపలికి వెళ్ళేవరకు ఆపలేదు. నేను వెళ్ళగానే ఆపేశారు.

మొదట తెలియదన్న పిల్ల ఎవరో నేను చూడలేదు. ఎవరని తర్వాత అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చింది.

ప్రొఫెసర్ గారు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మధ్యలో మీరెందుకు బయటికి వెళ్ళారు?" అని అడిగారు.

"నేనుంటే వాళ్ళు నన్ను చదువుతున్నారండి" అన్నాను.

"ఇది రాసుకోవచ్చా?"

"రాసుకోండి. మా ఆడపడుచు పేపరులో ఇది లేదట, అందులో కూడా వేసుకోమనండి."

ఆవిడ డీన్ గారితో అన్నది నాకు వినపడింది. రెండు జిల్లాలకి పంపడానికి ఇంకా తొందర అన్నారు. కొన్ని బళ్ళలో ఇంకో ఏడాది చెయ్యాలి, చెయ్యనివ్వాలి అన్నారు. నీ పేజీ ఉంటుంది కానీ అంత పెద్దగా ఉండదు. నీ ఇంటర్వ్యూ వచ్చే ఏడాదికి పోయినట్టే. రెబెక్కాకి ఫస్టు ప్లేసు పోయింది. పాసైంది. దేవకుమారికి చెప్పడానికి నేనే వంటగదిలోకి వెళ్ళాను. అన్నం గంజి వారుస్తూ విని, "పాఠం బాగా చెప్పిందాండి?" అని మాత్రం అడిగింది. చెప్పిందన్నాను. "అయితే చాల్లెండి" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రేపు మాట్లాడుతుందేమో. మాట్లాడకపోయినా నేను వెళతాను.

ఇంక నీతో పనిలో పడాలి. నువ్వు ట్రైనీలకి నేర్పుతున్నావు. వాళ్ళు బడికి వచ్చేసరికి తలుపు పక్కన నాలాంటి కుర్చీ ఒకటి ఉంటుంది. ప్రతి బళ్ళోనూ ఉంటుంది. ముందు ఆ కుర్చీలో వాళ్ళ సంగతి చూడు. ఏప్రిల్ మొదటి శనివారం మండలం హెచ్చెమ్‌ల మీటింగు మన బళ్ళో. చాలామంది నాలాగే రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డవాళ్ళు, ఎవరూ నీ మాట వినరు, టీ కోసం చూస్తుంటారు. అయినా ఎజెండాలో నీకు గంట వేయించాను. మమ్మల్ని పిల్లల బెంచీల్లో కూర్చోబెట్టి, లెక్క ఇచ్చి, బయటివాళ్ళ ముందు నిలబెట్టి అడుగు.

నేను మొదటి బెంచీలో కూర్చుంటాను. ఏం అడగబోతున్నావో నాకు ముందుగా చెప్పకు.

నాగవల్లి